బండ్ల సాదాబైనామా

టేక్మాల్‌లో ఏ చాయ్ హోటల్ ముందైనా వరసగా ఆపి ఉన్న బైకుల నంబరు ప్లేట్లు చదువుకుంటూ పోతే ఈ జిల్లా పాలనా చరిత్ర కళ్లకు కడుతుంది. ఏపీ 23 ఉంటే అది ఉమ్మడి రాష్ట్రంలో, సంగారెడ్డి కేంద్రంగా ఉన్న పాత మెదక్ జిల్లా నాటి బండి. టీఎస్ 15 ఉంటే 2014 జూన్ తర్వాతిది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పక్కనున్న జోగిపేట సంగారెడ్డి జిల్లాలోకి పోగా టేక్మాల్ మెదక్‌లోనే మిగిలింది. అప్పటినుంచి ఇక్కడి కొత్త బండ్లకు టీఎస్ 35, 2024 మార్చి తర్వాత టీజీ 35. ప్లేటు చూసి బండి వయసు చెప్పేయొచ్చు, అది ఏ ఆఫీసు మెట్లెక్కి వచ్చిందో చెప్పేయొచ్చు. ఆర్సీలో ఉన్న పేరు, ఇప్పుడు దాని మీద కూర్చున్న మనిషిదేనా అన్నది మాత్రం ప్లేటు చెప్పదు. అడిగి చూస్తే, కాదన్న జవాబు అరుదేమీ కాదు. హీరో హోండా కాలం నాటి బండిని ఇచ్చేసి, ఐదారేళ్ల కిందటి బండిని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకోవడం ఇప్పుడు ఈ పల్లెల్లో మామూలు సంగతి. అది తెలివైన పనేనని నా అభిప్రాయం. తెలివి అక్కడితో ఆగిపోతుండటమే చిక్కు. బేరమంతా వచ్చే బండి చుట్టూ తిరుగుతుంది. పోయే బండి సంగతి ఎవరికీ పట్టదు. రెండు బండ్ల ఆర్సీల్లోనూ పేర్లు మారేదాకా ఆ మార్పిడి సగమే అయినట్టు. మిగిలిన సగం ఏ రోజు ఎంత ఖరీదు పెట్టిస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

మొదట మార్చడం ఎందుకు మంచిదో చూద్దాం. ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అన్న పేరుందంటే ఆ బండికి పద్నాలుగేళ్లు నిండినట్టే లెక్క. 1984లో కలిసిన ఆ రెండు కంపెనీలు 2010 డిసెంబరులో విడిపోవాలని నిర్ణయించుకున్నాయి, మరుసటి ఏడు పేరు మారింది. ఆ తర్వాత చట్టం మూడుసార్లు బండి రూపాన్ని మార్చింది. 2017 ఏప్రిల్ 1న బీఎస్-4తో పాటు పగలూ వెలిగే హెడ్‌లైటు వచ్చింది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికి ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం కాంబీ బ్రేక్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 రావడంతో కార్బురేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఈ మూడింటిలో పల్లె మనిషికి అసలైన లాభం రెండోదే. మన దగ్గర బండి నేర్పేటప్పుడే ‘ముందు బ్రేకు ముట్టుకోకు, బోర్లా పడతావ్’ అని భయపెట్టి నేర్పుతారు. ఆ భయం జీవితాంతం ఉండిపోతుంది. కాలి బ్రేకు మీదే బతుకంతా వెళ్లిపోతుంది. నిజానికి బండి ఆగడంలో ఎక్కువ పని చేసేది ముందు చక్రమే. కాంబీ బ్రేక్ ఉన్న బండిలో కాలితో నొక్కినా ముందు చక్రానికి కొంత బ్రేకు పడుతుంది. అలవాటు మార్చుకోని మనిషికి బండే సర్దుకుపోతుందన్నమాట. బొడ్మట్‌పల్లి దగ్గర హైదరాబాద్–నాందేడ్ 161వ జాతీయ రహదారి ఎక్కే వాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. వెనుక ఇద్దరిని కూర్చోబెట్టుకుని, యూరియా బస్తా ముందు పెట్టుకుని, నాలుగు వరుసల దారిలో లారీల మధ్య అడ్డం దాటే ఊళ్లు ఇవి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే.

పెట్రోలు లెక్క కూడా కొత్త బండి వైపే మొగ్గుతుంది గాని, అందరూ ఊహించుకునేంత కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి తగ్గట్టు తయారు కాని ద్విచక్ర వాహనాల్లో మైలేజీ మూడు నాలుగు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే అంచనా వేసింది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లు దానికి తట్టుకునే సామగ్రితో వస్తున్నాయి. లీటరు 107 రూపాయలకు పైనే ఉన్న రాష్ట్రంలో మూడు శాతమైనా లెక్కే. కానీ దీని కోసమే బండి మార్చుకుంటామంటే ఆ ఆదాతో బండి ఖరీదు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఇక్కడ మెకానిక్కులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. పాత కార్బురేటర్ బండి బ్యాటరీ చచ్చిపోయినా కిక్ కొడితే లేచేది. ఊళ్లో ఎవరైనా జెట్ విప్పి ఊది బిగించేవాళ్లు. ఇంజెక్షన్ బండికి ఇంధన పంపు తిరగాలంటే బ్యాటరీలో ప్రాణముండాలి. సీసాల్లో అమ్మే పెట్రోలులో చెత్తో నీళ్లో ఉంటే ఇంజెక్టర్ మొరాయిస్తుంది. లోపం కనిపెట్టాలంటే సెన్సర్ల సంగతి తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషి ఊళ్లో ఉండకపోవచ్చు. నిజమే. అందుకే కొనేవాళ్లు సీసీ పెంచుకుందామన్న ఆశకన్నా, ఊళ్లో నలుగురికీ ఉన్న మోడలే చూసుకోవడం మంచిది. బీఎస్-6 వచ్చి ఇన్నేళ్లయ్యాక ఆ బండ్లు విప్పడం తెలిసినవాళ్లు జోగిపేటలోనూ మెదక్‌లోనూ తయారయ్యారు. ఈ అభ్యంతరం బలం ఏటికేడు తగ్గేదే.

సెకండ్ హ్యాండ్ ఎందుకు, కొత్తదే కొనొచ్చు కదా అంటారు కొందరు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది గనక ఆ మాటలో కొంత పస వచ్చింది. కానీ కొత్త బండి ధర తగ్గితే పాత బండి ధరా తగ్గాలి. 28 శాతం పన్ను కట్టి కొన్నవాడు తన బండికి పాత లెక్కనే ధర చెబుతుంటే, కొనేవాడు ఈ తేదీ గుర్తు చేసి బేరమాడాలి. దానికి తోడు కొత్త బండికి జీవిత పన్ను, మొదటి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వడ్డీ ఒకేసారి మీద పడతాయి. పంట డబ్బు చేతికొచ్చినప్పుడు రొక్కంగా కొని, నెలనెలా కిస్తీ అన్న మాట లేకుండా ఉండాలనుకునే రైతుకు ఐదారేళ్ల బండి సరిపోతుంది. దాన్ని చూసుకోవడం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు: ఇంజను చల్లగా ఉన్నప్పుడే రమ్మంటారు, తెల్లారి మొదటి కిక్‌కు లేస్తుందో లేదో చూస్తారు, ముందు ఫోర్కు గొట్టాల మీద నూనె చారలున్నాయా అని వేలితో రుద్దుతారు, చైను లాగి పళ్లు అరిగాయేమో చూస్తారు, మీటరు తిప్పారేమోనని ఫుట్‌రెస్టు రబ్బరు అరుగుదలతో పోల్చుకుంటారు. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి, హ్యాండిల్ కింద గొట్టం మీద కొట్టిన ఛాసిస్ నంబరును ఆర్సీతో పోల్చడానికి మాత్రం వంగడు.

ఇప్పుడు బేరం ముగిసే ఘట్టానికి వద్దాం. డబ్బులు చేతులు మారాక ఒక ప్లాస్టిక్ కవరు కూడా చేతులు మారుతుంది. అందులో ఆర్సీ కార్డు, గడువు దాటిందో లేదో తెలియని ఇన్సూరెన్స్ కాగితం, అమ్మినవాడి ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు, ఇంకా ఫారం 29, ఫారం 30 ఉంటాయి. ఆ ఫారాల కింద అమ్మినవాడి సంతకాలుంటాయి. పైన తేదీ ఉండదు, కొన్నవాడి పేరు ఉండదు, ధర ఉండదు, అన్నీ ఖాళీలే. ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు పేరు మీద చేయించుకోండి’ అంటాడు మధ్యవర్తి. ఆ ‘ఎప్పుడు’ చాలా బండ్ల విషయంలో రాదు. ఏడాదికి ఆ బండి ఇంకొకడికి పోతుంది, అదే కవరు దానితోపాటే పోతుంది. మూడో మనిషి దగ్గరికి చేరేసరికి ఆధార్ జిరాక్సు మీద మొహం చెరిగిపోయి ఉంటుంది. తెలంగాణ రైతుకు ఈ పద్ధతి కొత్తది కాదు. తెల్ల కాగితం మీద రాసుకుని, ఊరి పెద్దల సాక్ష్యంతో భూములు కొనుక్కున్న సాదాబైనామా ఇదే. ఆ కాగితాలకు పట్టాలిచ్చేందుకు ప్రభుత్వం 2016లో దరఖాస్తులు తీసుకుంది, 2020లో మళ్లీ తీసుకుంది. రెండోసారి వచ్చినవి హైకోర్టు స్టేతో ఏళ్ల తరబడి అటకెక్కాయి. చివరికి 2025లో భూభారతి చట్టంలో దానికి మళ్లీ దారి తెరవాల్సి వచ్చింది. పాసు పుస్తకంలో పేరెక్కకపోతే రైతుబంధు రాదు, రైతుబీమా రాదు అని తెలిశాక తహశీల్దారు కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషే, ఆర్సీలో పేరు గురించి ‘ఏం కాదులే’ అనేస్తున్నాడు. భూమి కదలదు, కనీసం సరిహద్దు రాయి దగ్గర నిలబడి మాట్లాడొచ్చు. బండి రాత్రికి రాత్రి ఏ ఊళ్లో ఉంటుందో తెలియదు.

చట్టం ఏం చెబుతుందో అందులో సందిగ్ధం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోపలే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో తన పేరు మీదకు మార్పించుకోవాలి. అదే చట్టం రెండో సెక్షన్‌లో యజమాని అంటే ఎవరి పేరు మీద బండి రిజిస్టరై ఉందో ఆ మనిషి అని రాసి ఉంది. ఫైనాన్స్ ఉంటే ఆ ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉందో వాడు యజమాని అవుతాడు గాని, డబ్బిచ్చి కొనుక్కుని కాగితాలు మార్చుకోని వాడికి అందులో చోటు లేదు. దీని ఫలితం ఎలా ఉంటుందో నవీన్ కుమార్–విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2007లో అమ్మేసిన కారు అది. చేతులు మారి, మళ్లీ మారి, చివరికి ఎవరి దగ్గరికో చేరింది. 2009 మేలో ప్రమాదం చేసి ఒక పిల్లవాడి ప్రాణం తీసింది. బండికి ఇన్సూరెన్స్ లేదు. హైకోర్టు చివరగా కొన్నవాళ్ల వైపు చూసింది. 2018 ఫిబ్రవరి 6న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, రికార్డులో పేరున్న మొదటి మనిషే పరిహారానికి బాధ్యుడని చెప్పింది. బాధితుడు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన అవసరం లేదన్నది ధర్మాసనం చెప్పిన కారణం. చనిపోయిన పిల్లవాడి కుటుంబం వైపు నిలబడి చూస్తే అందులో అన్యాయమేమీ కనిపించదు. రెండేళ్ల కిందట బండి అమ్మేసి మరిచిపోయిన మనిషి వైపు నుంచి చూస్తేనే గుండె జారుతుంది. టేక్మాల్‌లో పదివేలకు ఇచ్చేసిన ఏపీ 23 బండికీ ఇదే సూత్రం. దానికి ఇన్సూరెన్స్ ఉండే అవకాశమైతే ఆ కారుకన్నా తక్కువే.

ఇంతవరకు అమ్మినవాడి కష్టం. కొన్నవాడు తనకేమీ కాదనుకుంటాడు, ఎందుకంటే నేరం, జరిమానా, చలాను ఏవి వచ్చినా పాత పేరు మీదికే పోతాయి. లాభమే కదా అని నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు తెలియని లెక్క ఒకటుంది. ద్విచక్ర వాహనం ఇన్సూరెన్స్‌లో యజమాని-డ్రైవరుకు 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. 2018లో బీమా నియంత్రణ సంస్థ ఆ మొత్తాన్ని లక్ష నుంచి 15 లక్షలకు పెంచింది. ఆ బీమా దక్కాలంటే బండి నడుపుతున్న మనిషి ఆర్సీలో రిజిస్టరైన యజమాని కావాలి, పాలసీలో అతని పేరే ఉండాలి, చెల్లే లైసెన్సు ఉండాలి. పేరు మార్చుకోని వాడు బండి మీద చనిపోతే ఈ 15 లక్షలు అతని భార్యాపిల్లలకు రావు. బండి అమ్మినవాడికీ రావు, అతడు ఆ బండి మీద లేడు కదా. రైతుబీమా కింద వచ్చే 5 లక్షలకు మూడు రెట్లు ఉన్న హక్కును ఒక సంతకం, ఒక స్లాటు, కొన్ని వందల రూపాయల ఖర్చు దగ్గర జనం వదిలేసుకుంటున్నారు. మిగిలిన బీమా సంగతీ అంతే. 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మితే థర్డ్ పార్టీ పాలసీ కొన్నవాడికి బదిలీ అయినట్టే లెక్క, 14 రోజుల్లో కంపెనీకి చెప్పుకోవాలి. కానీ సొంత బండి దెబ్బతిన్నా పోయినా వచ్చే బీమాకు ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఇంకో సంగతి: 2018 సెప్టెంబరు 1 తర్వాత కొన్న కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వచ్చింది. 2020లో కొన్న బండ్లకు ఆ ఐదేళ్లూ అయిపోయాయి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నవి సరిగ్గా ఆ ఏడాది బండ్లే. ‘ఇన్సూరెన్స్ ఉంది’ అన్న మాట విని ఊరుకోకుండా తేదీ చూడాలి.

దీనికి ఎదురుచెప్పేవాళ్లు మొదట అనేది, ‘అమ్మింది మా బావమరిదికే, తెలిసినవాడే’ అని. కొన్న మనిషిని నమ్మొచ్చు. అతడు ఎవరికి అమ్ముతాడో, ఆ మూడో మనిషి ఎవరికి అరువిస్తాడో ఆ నమ్మకం కిందికి రావు. పోలీసులు నంబరు కొట్టి చూసి ఇంటికి వచ్చేది మొదటి పేరు దగ్గరికే. గొలుసు దొంగతనంలోనో గంజాయి రవాణాలోనో బండి దొరికిన రోజు బావమరిది మంచితనం ఎంత చెప్పుకున్నా ముందు స్టేషన్‌కు పోవాల్సిందే. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఖాళీ ఫారాల పద్ధతి కొన్నవాడి బద్ధకం వల్లే పుట్టిందనుకోవడం సగం నిజమే. దానివల్ల ఖచ్చితంగా లాభపడేది మధ్యలో ఉన్న వ్యాపారి. పాత బండి తీసుకుని తన పేరు మీద చేయించుకుంటే ఒక ఖర్చు, మళ్లీ అమ్మినప్పుడు ఇంకో ఖర్చు, పైగా తన లాభం కాగితం మీద కనిపిస్తుంది. ఖాళీ ఫారం ఉంటే అతడు ఆ కథలోనే లేడు. కేంద్ర రవాణా శాఖ దీన్ని గమనించే 2022 డిసెంబరులో నిబంధనలు మార్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారం చేసేవాడు రవాణా శాఖ దగ్గర అధీకృత పత్రం తీసుకోవాలి. బండి అతని చేతికి వచ్చినప్పుడు యజమానీ అతనూ కలిసి ఆన్‌లైన్‌లో తెలపాలి. ఆ క్షణం నుంచి మళ్లీ అమ్మేదాకా యజమాని బాధ్యత ఆ డీలరుదే. ట్రయలుకో రిపేరుకో తప్ప బండిని రోడ్డెక్కించకూడదు, ఎక్కిస్తే రిజిస్టర్‌లో రాయాలి. ఇంత మంచి నిబంధన పట్టణాల్లోని పెద్ద షోరూముల దాకా వచ్చి ఆగిందేమో గాని, జోగిపేట రోడ్డు మీద నాలుగు బండ్లు కడిగి నిలబెట్టి ‘సేల్’ అని అట్టముక్క తగిలించే చోటికి దాని వాసన కూడా తగిలినట్టు లేదు. ఎక్స్ఛేంజ్‌లో పాత బండి ఇచ్చేవాడు ‘మీకు అధీకృత పత్రం ఉందా, డెలివరీ ఇప్పుడే ఆన్‌లైన్‌లో పెడతారా’ అని ఒక్క ప్రశ్న అడిగితే సగం తేలిపోతుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. పాత బండి ఆర్సీకి పదిహేనేళ్లే ఆయుష్షు. ఆ తర్వాత రెన్యువల్ చేయించాలి. 2021లో ప్రకటించి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన కేంద్ర నిబంధనల్లో బైకు రెన్యువల్ రుసుము 300 నుంచి 1,000 రూపాయలైంది. ఆలస్యమైన ప్రతి నెలకూ మరో 300. ఇరవయ్యేళ్లు దాటిన బైకుకు 2025లో ఆ వెయ్యిని రెండు వేలు చేశారు. దీని మీద రాష్ట్రం గ్రీన్ టాక్స్ వేరు. గడువు మూడేళ్ల కిందట తీరిన బండికి ఆలస్య రుసుమే 36 నెలలకు 10,800 అవుతుంది. పదివేలు కూడా పలకని బండికి పదివేల పైన జరిమానా కట్టి, ఆ తర్వాత పేరు మార్పించమంటే ఎవరు చేస్తారు? చెయ్యరు. కాబట్టి ఆ బండి కాగితాల లోకం నుంచి బయటికి జారిపోయి, పొలం గట్ల మీద, ఇటుక బట్టీల దగ్గర, పాలక్యాన్లు మోస్తూ మొదటి యజమాని పేరు మీదే తిరుగుతుంటుంది. అంటే పాత బండ్లను రోడ్డు మీది నుంచి తప్పించాలని పెట్టిన రుసుము, వాటిని రికార్డుల నుంచి తప్పిస్తోంది, రోడ్డు మీదే ఉంచుతోంది. ఈ రాష్ట్రంలో దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పెండింగ్ చలాన్లకు 2022 మార్చిలో బైకులకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చి సర్కారే వసూళ్లు పెంచుకుంది. అదే పద్ధతిలో పాత బైకుల రెన్యువల్ ఆలస్య రుసుముకు ఒక్కసారి మాఫీ ఇచ్చి, దాన్ని పేరు మార్పిడికి ముడిపెడితే ఎన్నో చెరిగిపోయిన ఆధార్ జిరాక్సులు చెత్తబుట్టలో పడతాయి. ఇలా చేస్తే నిబంధన పాటించినవాళ్లు మోసపోయినట్టు కాదా అంటారు. చలాన్ల రాయితీ అప్పుడూ అదే మాట అన్నారు. ఆ మాటలో న్యాయముంది కూడా. కానీ చలాను రాయితీలో ప్రభుత్వానికి దక్కింది డబ్బు మాత్రమే, ఇక్కడ దక్కేది ప్రమాదం జరిగిన రోజు ఎవరిని పట్టుకోవాలో తెలిసే రికార్డు. ఇక నడవనే నడవని బండి అయితే 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవచ్చు. స్క్రాప్ వాడికి కిలోల లెక్కన వేసేముందు ఆ పని చేసుకునేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దూరం సంగతి కూడా ఉంది. టేక్మాల్ శాసనసభకు అందోల్ నియోజకవర్గంలో, రవాణా శాఖకు మెదక్‌లో, సరుకులకు జోగిపేటలో ఉంటుంది. తంపులూరు నుంచో కుసంగి నుంచో ఒకరు స్లాట్ తీసుకుని మెదక్ పోయి రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఏదైనా కాగితం తక్కువైందంటే రెండో రోజు కూడా. ఈ భయమే ఏజెంటుకు పంట. సర్కారుకు కట్టేది వందల్లో ఉంటే, ఏజెంటు చేతిలో పెట్టేది వేలల్లో. ఆధార్ శిబిరాలు మండలాలకు వచ్చిన రాష్ట్రంలో, అంగడి రోజున నెలకొకసారి పేరు మార్పిడి శిబిరం మండల కేంద్రానికి రావడం అసాధ్యమేమీ కాదు. ఆ శాఖలో సిబ్బంది తక్కువన్నది నిజమే. అయినా ప్రమాదం కేసు ఒక్కటి ట్రిబ్యునల్‌కు ఎక్కితే పోలీసుల దగ్గర్నుంచి కోర్టు దాకా ఖర్చయ్యే పని గంటలతో పోలిస్తే ఇది చిన్నదే. పక్క రాష్ట్రాల బండ్ల సంగతి ఇంకా చిక్కు. 161వ రహదారి మీద నాందేడ్ అటు, కొంచెం పక్కకు పోతే బీదర్. అక్కడి ఎంహెచ్ 26, కేఏ 38 బండ్లు నాలుగైదు వేలు తక్కువకు వస్తాయని ఆశపడి తెచ్చుకుంటారు. అక్కడి ఆఫీసు ఎన్‌ఓసీ, ఇక్కడ పన్ను, కొత్త నంబరు, ఇవన్నీ కలిపితే తగ్గిన నాలుగైదు వేలు తిరిగి పెరుగుతాయి. ఎన్‌ఓసీ చేతిలో లేకుండా అలాంటి బండి కొనడమంటే, తాళం లేని ఇంటికి అద్దె కట్టినట్టు.

ఇవన్నీ సర్కారు చేసేదాకా మనిషి చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. కొనేవాడు డబ్బంతా ఒకేసారి ఇవ్వక్కర్లేదు. నాలుగో వంతు ఆపి, ఆర్సీ తన పేరు మీద వచ్చాకే ఇస్తానని రాసుకుంటే అమ్మినవాడే వెంటపడి పేరు మార్పిస్తాడు. ఇచ్చేముందు ఆ నంబరు మీద ఎన్ని చలాన్లున్నాయో ఫోన్‌లో చూసుకోవాలి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, ఆ కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 లేనిదే అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. అమ్మేవాడు ఖాళీ ఫారం మీద సంతకం పెట్టనని మొండికేయాలి. కొన్నవాడి పేరు, ఆధార్ నంబరు, తేదీ, ఎన్ని గంటలకు బండి అప్పగించాడో రాయించుకుని దాని ఫొటో తీసుకోవాలి. మరీ ముఖ్యంగా, 14 రోజుల్లో రవాణా శాఖకు తెలిపే బాధ్యత 50వ సెక్షన్ అమ్మినవాడి మీద విడిగా పెట్టిందని గుర్తుంచుకోవాలి. కొన్నవాడు ఎప్పుడు కదులుతాడా అని కాచుకుని కూర్చోవాల్సిన పనిలేదు. ఆ ఒక్క తెలియజేతతో పరిహారం బాధ్యత పూర్తిగా తప్పుతుందని నేను చెప్పను, నవీన్ కుమార్ కేసు చూశాక అలా చెప్పడం అబద్ధమే అవుతుంది. రికార్డులో పేరు మారితేనే అది తప్పుతుంది. కాని పోలీసు ఇంటికొచ్చిన రోజు చూపించడానికి తేదీ ఉన్న రసీదు ఒకటి చేతిలో ఉంటుంది. వీలైతే అమ్మిన రోజే, అమ్మినవాడూ కొన్నవాడూ అదే బండి మీద కలిసి మెదక్ పోయి రావడం ఇంకా మేలు. పెట్రోలు ఖర్చు ఎవరిదన్నది బేరంలోనే తేల్చుకోవచ్చు.